పాత కంప్యూటరు: అమ్మదగినది, అమ్మరానిది

(గ్రంథాలయ రజతోత్సవ సభకై సిద్ధపరుపబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ మనగా దాచి పెట్టు చోటు. 1914వ సంవత్సరమున బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటి నుండియు, ఊరూర గ్రంథాలయములు నెలకొల్పిన పెద్దలు పుస్తకమును దాచుటకును, అడిగిన వారికి అందించుటకును శ్రమించిరి. పుట చిరిగిన అతికించిరి. అట్ట ఊడిన కుట్టించిరి. దేనినైనను పారవేయుట వారి స్వభావములో లేదు. అట్టి సంస్థ రజతోత్సవ సభలో పాత వస్తువును వదలించుకొను విధమును గూర్చిన ప్రసంగ మేమని కొందరికి వింతగా తోచవచ్చును.

కాని ఈ ఇరువదియైదేండ్లలో పల్లెలకు పుస్తకముతో పాటు కంప్యూటరు కూడ వచ్చినది. మంచి కాగితముపై అచ్చయిన పుస్తకము నూరేండ్లు నిలుచును. కంప్యూటరో, ఏడెనిమిదేండ్లు తిరుగునప్పటికి ముదిసిపోవును. క్రొత్తది రాగానే పాతది మూలగదికి చేరును. దానిపై దుమ్ము పడును, సాలీడు గూడు కట్టును. ఒకనాడు పాత ఇనుము కొనువాడు వీధిలో కేక వేయును. ఎవరో ఒకరు, ‘చోటైనను ఖాళీ యగును, రెండు వందలైనను వచ్చును’ అని దానిని బండి కెక్కింతురు. ఆ క్షణమున ఏమి అమ్ముడుపోయినది? ఇనుమా, ఊరివారి గుట్టా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

అక్షరము నిలిచిన ప్రతి వస్తువునకును రెండు విలువలు గలవు. ఒకటి పాత్ర విలువ. రెండవది పాత్రలోని పదార్థము విలువ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె థియసాఫికల్ కళాశాలలో విడిది చేసి, ‘జనగణమన’ గీతమును అచ్చటనే ఆంగ్లములోనికి తమ చేతితో వ్రాసిరి. ఆ కాగితము వెల ఆనాడు దమ్మిడీకి మించదు. దానిపై వ్రాసిన దానికి వెల కట్టగల వారెవరు? తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగి రేకుల కెక్కి, తిరుమల ఆలయములోని అరలో శతాబ్దముల తరబడి పడియుండెను. రెండు వేలకు పైబడిన ఆ రేకులను ఇరువదవ శతాబ్దిలో పండితులు వెలికి తీసి చదివి అచ్చు వేయించిరి. ఎవడైనను ముందుగా వానిని రాగిగా తూచి అమ్మియుండినచో, పాత్ర విలువ చేతికి వచ్చెడిది. పదార్థము కంచరి కొలిమిలో కరగిపోయెడిది.

కంప్యూటరు విషయములో చిక్కు మరియొక విధముగా నున్నది. అచ్చట పాత్రను అమ్మినను పదార్థము నశింపదు. పాత్రతో పాటు పరుల చేతికి పోవును. రాగిరేకు కొన్నవాడు దానిని కరగించును. హార్డ్ డిస్కు కొన్నవాడు దానిని చదువగలడు.

హార్డ్ డిస్కు అనునది కంప్యూటరు యొక్క జ్ఞాపకపు పెట్టె. 1956లో అమెరికా దేశపు ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి డిస్కు యంత్రమును వెలువరించినప్పుడు అది బీరువాయంత పెద్దది, టన్నుకు తక్కువ కాని బరువు గలది. అందు 24 అంగుళముల వెడల్పు గల పళ్ళెములు 50 ఉండెను. అంతటి యంత్రములో నేటి ఫొటోలు రెండు పట్టుట కష్టము. ఇప్పుడో, అరచేతిలో ఇమిడెడు పెట్టెలో ఒక జిల్లా రైతుల పేర్లన్నియు పట్టును. చిన్న దేహమున పెద్ద సారము ఉండుట ఈ సీమవారికి వింత కాదు. పుంగనూరు ఆవు మూడడుగుల యెత్తునకు అటునిటుగా ఉండియు, నూటికి ఎనిమిది పాళ్ళ వరకు వెన్న గల పాల నిచ్చునని ప్రసిద్ధి. దాని పొట్టితనమును చూచి తక్కువ వెలకు అమ్ముకొనువాడు అమాయకుడు. పాత హార్డ్ డిస్కును అరచేతి ఇనుపముక్కయని అమ్మువాడును అట్టివాడే.

‘అమ్ముటకు ముందు అన్నియు తుడిచివేసితిమి గదా’ అని కొందరందురు. ఇచ్చటనే అసలు పొరపాటున్నది. గ్రంథాలయములో పుస్తకముల పట్టిక యున్నది. బీరువాలో పుస్తకము లున్నవి. పట్టికలో ఒక పుస్తకము పేరు కొట్టివేసిన మాత్రమున బీరువాలోని పుస్తకము మాయమగునా? కంప్యూటరులో ఒక ఫైలును ‘డిలీట్’ చేయుట పట్టికలో పేరు కొట్టివేయుట వంటిది. త్వరితముగా ‘ఫార్మాటు’ చేయుట పట్టికను మొత్తముగా చించివేయుట వంటిది. రెంటను పుస్తకము బీరువాలోనే యుండును. ఓపికగా బీరువా వెదకువానికి అది దొరకును. అట్లు వెదకి తీయు సాధనములు వెల లేకుండగనే లభించుచున్నవి.

ఇది ఊహ కాదు. అమెరికాలోని మాసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన గార్ఫింకెల్, షెలాట్ అను ఇద్దరు పరిశోధకులు 2000 నుండి 2002 వరకు పాత వస్తువుల విపణిలో 158 హార్డ్ డిస్కులను కొనిరి. వానిలో 129 పనిచేసినవి. ఆ 129లో సరిగా తుడువబడినవి 12 మాత్రమే. మిగిలిన వానిలో ఉత్తరములు, వైద్య సంబంధమైన వివరములు, 5,000కు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు కనబడెను. అందొక డిస్కు బ్యాంకువారి నగదు యంత్రము నుండి వచ్చినది. 

పల్లెవారు మిగుల గమనింపదగిన సంగతి మరియొకటి గలదు. ఆఫీసులలో వాడు పెద్ద జిరాక్సు యంత్రములలో కూడ హార్డ్ డిస్కు ఉండుట కద్దు. తాను నకలు తీసిన కాగితము నంతటిని అది లోపల దాచుకొనవచ్చును. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తెచ్చుకొనిన జిరాక్సు యంత్రములను తుడువకయే తిరిగి యిచ్చినందులకు 2013లో 12 లక్షల డాలర్లు చెల్లించుకొనవలసి వచ్చినది.

పెద్ద సంస్థ తప్పు చేయదని అనుకొనరాదు. మోర్గన్ స్టాన్లీ అను ప్రఖ్యాత ధనవ్యాపార సంస్థ 2016లో తన కంప్యూటరు కేంద్రములను రెంటిని మూసివేసెను. ఆ యంత్రములను తరలించు పనిని, సమాచారమును తుడుచుటలో ఏ అనుభవమును లేని ఒక సామాన్ల రవాణా సంస్థ కప్పగించెను. ఆ యంత్రములు చేతులు మారి బహిరంగ విపణి కెక్కినవి. ఒకలహోమాలోని సాంకేతిక సలహాదారు డొకడు వానిలో కొన్నిటిని కొని, లోపల ఖాతాదారుల సమాచారము అట్లే యున్నదని ఆ సంస్థకే వ్రాసెను. ఫలితముగా 2020లో 6 కోట్ల డాలర్లును, 2022లో 3 కోట్ల 50 లక్షల డాలర్లును అపరాధ రుసుముగా చెల్లింపవలసి వచ్చినది. ఇంగ్లండులో బ్రైటన్ నగరపు ప్రభుత్వ ఆసుపత్రుల డిస్కులు, నాశనము చేయుట కప్పగింపబడినవి, 2010లో ఇంటర్నెట్ వేలములో అమ్మకమునకు వచ్చినవి. అందు రోగుల వివరములుండెను. ఆ ఆసుపత్రులపై 2012లో 3,25,000 పౌన్లు జరిమానా విధింపబడినది. రెండు చోట్లను దోషమొక్కటే: వస్తువును అప్పగించిరి, బాధ్యతయు దానితో పోయినదనుకొనిరి.

ఇక స్వదేశమునకు, స్వజిల్లాకు వత్తము. 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించినవి. 2002లో హ్యూలెట్ పాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి కుప్పము ప్రాంతమున ‘ఐ-కమ్యూనిటీ’ యను పథకమును మూడేండ్ల గడువుతో ఆరంభించెను. గ్రామములలో సమాచార కేంద్రములు తెరువబడినవి. స్త్రీలు సౌరశక్తితో నడచు చిన్న ఫొటో పరికరములతో చిత్రములు తీసి సంపాదించుట నేర్చిరి. ప్రపంచపు పండితులు కుప్పమునకు వచ్చి చూచి గ్రంథములు వ్రాసిరి. 2011లో మీసేవ కేంద్రములు, 2019లో గ్రామ సచివాలయములు వచ్చినవి. కంప్యూటరు వచ్చుటను గూర్చి ఇన్ని సభలు జరిగినవి. ఇన్ని పుస్తకములు వచ్చినవి. కంప్యూటరు పోవుటను గూర్చి పల్లెలో ఒక్క సభ జరుగుట యరుదు. 2002 నాటి యంత్రములు ఏనాడో ముదిసిపోయియుండును. పెండ్లికూతురు వచ్చునాడు మేళతాళములు మ్రోగును. ముసలమ్మ పోవునాడు పలకరించువారు లేకుండుట ధర్మము కాదు.

పుంగనూరు అంగళ్ళ వీధిలో ఒక చిన్న ఇంటర్నెట్ అంగడి యున్నదని ఊహింపుడు. పదేండ్లలో దాని కంప్యూటరులోనికి ఏమేమి చేరియుండును? రైతుల పట్టాదారు పాసుపుస్తకముల నకళ్ళు, పిల్లల మార్కుల పత్రములు, కువైటునకు పోదలచిన వారి పాస్‌పోర్టులు, పింఛను కోరు వితంతువుల ఆధారు పత్రములు, బ్యాంకు ఖాతా పుటలు. అంగడివాడు దుర్మార్గుడు కాడు. నమ్మి యిచ్చిన కాగితమును స్కాను చేసి పంపినాడు, తుడుచుట మరచినాడు. ఆ యంత్రము పాత సామాన్లలోనికి పోయినచో, మోసగానికి వలసినవన్నియు ఒక్క చోట దొరకును. పేరు, తండ్రి పేరు, సంతకము, ఫొటో, ఖాతా సంఖ్య. ఆ వితంతువు పేర ఎవడో అప్పు తీసికొనినచో ఆమె ఏ కార్యాలయమున మొరపెట్టుకొనును? దోషము ఎచ్చట జరిగినదో ఆమెకు తెలియు మార్గమే లేదు. గ్రంథాలయములోని సభ్యుల పట్టిక, ఫోను సంఖ్యలు, ఎవరు ఏ పుస్తకము చదివిరన్న వివరము సయితము ఇట్టివే. పాఠకుడు ఏమి చదువుచున్నాడో బయట చెప్పకుండుట గ్రంథపాలకుని మర్యాద. ఆ మర్యాద యంత్రము పాతబడినంత మాత్రమున తీరిపోదు.

ఇంతవరకు విన్నవారు, ‘అట్లయిన గొడవయే లేదు, పాతదానిని వెంటనే తగులబెట్టుడు’ అనవచ్చును. అచ్చటనే రెండవ ప్రమాదము పొంచియున్నది. 2024 జులై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు చెలరేగి రెవెన్యూ దస్త్రములు అనేకము దగ్ధమైనవి. ఇది యాదృచ్ఛిక ప్రమాదముగా తోచుట లేదని రాష్ట్ర పోలీసు ఉన్నతాధికారులు మరునాడే చెప్పిరి. తరువాత దర్యాప్తు సి.ఐ.డి. వారికి చేరినది. దోషు లెవరో తేల్చుట న్యాయస్థానముల పని. కాని ఆ మరునాటి ఉదయము భూమి తగవు గల ప్రతి రైతు గుండెలోను పుట్టిన భయము ఏ తీర్పునకును వేచియుండలేదు. ‘నా కాగితము కాలినదా, మిగిలినదా?’ అధికారులు కాలగా మిగిలిన పత్రముల నుండియు, ఇతర కార్యాలయములలోని ప్రతుల నుండియు దస్త్రములను తిరిగి కూర్చుటకు పూనుకొనిరి. ఒకే ప్రతి యున్న దస్త్రము దీపము లేని ఇల్లు. రెండవ ప్రతి మరియొక ఊరిలో నున్నచో, ఒక చోట నిప్పు పడినను రైతు నేల నిలుచును.

కావున దోషములు రెండు. ఉంచవలసిన దానిని నశింపజేయుట యొకటి. నశింపజేయవలసిన దానిని ఉంచి పరుల పాలు చేయుట రెండవది. మొదటి దోషమునకు భయపడి ఏదియు తుడువకుండుటయు, రెండవ దోషమునకు భయపడి అన్నియు తగులబెట్టుటయు వివేకము కావు. పాత యంత్రమును పంపుటకు ముందు వేయవలసిన మొదటి ప్రశ్న ‘ఇందేమున్నది?’ అనునది. రెండవది ‘ఇందులో శాశ్వతముగా ఉండవలసిన దేది, దాని ప్రతి వేరొకచోట నున్నదా?’ అనునది. ప్రతి యున్నదని విని ఊరకుండరాదు. తెరచి చదివి చూడవలెను. ఆ తరువాతనే తుడుచుట. ముందు కాపు, వెనుక తుడుపు. ఈ వరుస తారుమారైనచో ఏ విజ్ఞానమును రక్షింపజాలదు.

తుడుచు విధములు మూడు తరగతులని అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ 2006లో ప్రకటించి, 2014లోను 2025లోను సవరించిన మార్గదర్శిక చెప్పుచున్నది. పెక్కు దేశములలో సంస్థలు దానిని అనుసరించుచున్నవి. దాని సారాంశము పల్లెవానికిని బోధపడునదే.

మొదటిది, పలకపై వ్రాతను తుడిచి క్రొత్త వ్రాత నింపుట. తిరుగు పళ్ళెములు గల హార్డ్ డిస్కుపై మొదటి నుండి చివరి వరకు సున్నలు వ్రాయించినచో, పాత వ్రాత చదువరాకుండ పోవును. ఏడుమారులు వ్రాయవలెనన్న పాత నమ్మకము నేటి డిస్కులకు అవసరము లేదు. సరిగా ముగిసిన ఒక్క మారు చాలును. దీనికి కొన్ని గంటల కాలమును, విద్యుత్తును తప్ప వేరు వ్యయము లేదు. పైగా డిస్కు చెడదు, తిరిగి వాడుకొనవచ్చును.

రెండవది, యంత్రము లోపలనే యున్న తుడుపు ఆజ్ఞను ప్రయోగించుట. పళ్ళెములు లేని క్రొత్త రకము ఎస్.ఎస్.డి.లకు ఇది ముఖ్యము. వానిలోని చిప్పు మితవ్యయము తెలిసిన గుమాస్తా వంటిది. ‘ఈ పుటపై వ్రాయుము’ అని చెప్పినను, పాత పుట అరగకుండ క్రొత్త పుట తీసి దానిపై వ్రాయును. పాత పుట ఒక మూల మిగిలిపోవును. అందుచేత పైపైన సున్నలు వ్రాయించుట చాలదు. తయారు చేసినవారు అమర్చిన ఆజ్ఞతోనే లోపలి పుటల నన్నిటిని చెరపవలెను. మొదటి దినము నుండియే సమాచారమును గూఢలిపిలో దాచుకొను పద్ధతి ఇంకను మేలు. అప్పుడు తాళపుచెవిని నాశనము చేసినచో పెట్టె ఎవని చేతికి పోయినను అది తెరువరాని పెట్టెయే. ఇటీవలి చేతిఫోనులలో ఈ ఏర్పాటు సహజముగనే యున్నది. పూర్తిగా రీసెట్ చేసినచో లోపలి తాళపుచెవి నశించును. అయితే ఫోనులోని మెమరీ కార్డును, సిమ్మును ముందుగా తీసికొనుట మరువరాదు.

మూడవది, ముక్కలు చేయుట. చెడిపోయి ఏ ఆజ్ఞకును లొంగని డిస్కునకు ఇదియే గతి. బలమైన అయస్కాంత యంత్రముతో పళ్ళెముల వ్రాతను చెరపవచ్చును; కాని అటుపిమ్మట ఆ డిస్కు దేనికిని పనికిరాదు. ఎస్.ఎస్.డి.పై, పెన్ డ్రైవుపై అయస్కాంతమునకు ఏ ప్రభావమును లేదు. వానిని చూర్ణము చేయవలసినదే. సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి పైడొప్పను సొట్ట పెట్టుట తృప్తి కొరకే గాని రక్షణ కొరకు కాదు.

ఈ మూడింటిలో మెత్తనిది ముందు, కఠినమైనది చివర. ఏలయన, తుడిచిన డిస్కు మరల పనికి వచ్చును. పగిలిన డిస్కు పిండియే. పనిచేయు కంప్యూటరును శుభ్రముగా తుడిచి, ఒక పాఠశాలకో పేద విద్యార్థికో ఇచ్చినప్పుడు దొరకు విలువ, దానిని కరగించినప్పుడు దొరకు విలువకు పెక్కు రెట్లు. అది కుదరనిచో విడిభాగములుగా ఉపయోగింపవలెను. అదియు కుదరనప్పుడే లోహముగా చూడవలెను.

లోహముగా చూచినను అది అల్పము కాదు. కుప్పమునకు ప్రక్కనే కోలారు బంగారు గనులున్నవి. నూట ఇరువది యేండ్లకు పైగా త్రవ్వి, గిట్టుబాటు కాక 2001లో వానిని మూసివేసిరి. ఆ సీమ నుండి ఎందరో కూలీలై ఆ గనులలోనికి దిగిరి. గనిలో టన్ను రాయి పగులగొట్టిన దొరకు బంగారము కొద్ది గ్రాములు. కంప్యూటరులోని పచ్చని సర్క్యూటు పలకలు ఒక టన్ను పోగుచేసినచో వంద గ్రాములకు మించిన బంగారము ఉండుట కద్దు. హార్డ్ డిస్కులో బంగారు పూతతో పాటు అల్యూమినియము, రాగి, మిగుల బలమైన నియోడిమియము అయస్కాంతములు గలవు. 2025 ఏప్రిలులో చైనా దేశము కొన్ని అరుదైన లోహముల ఎగుమతిపై, వానితో చేసిన అయస్కాంతములపై ఆంక్షలు విధించినప్పుడు భారతదేశపు మోటారు పరిశ్రమ కలతజెందినది. ఆ యేటనే సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము పాత వస్తువుల నుండి కీలక లోహములను తిరిగి రాబట్టు పరిశ్రమల ప్రోత్సాహమునకు 1,500 కోట్ల రూపాయల పథకమును అంగీకరించినది. జపాను ప్రజలు 2017 నుండి 2019 వరకు పాత ఫోనులు, చిన్న యంత్రములు పోగుచేసి యిచ్చి, వానినుండి తీసిన 32 కిలోల బంగారము, 3,500 కిలోల వెండితో టోక్యో ఒలింపిక్ పతకములు చేయించిరి. మూలగదిలోని చెత్త విజేత మెడలో వెలిగినది.

అయితే బంగారమున్నదని విని ఇంటి పెరటిలో ఆమ్లము పోసి తీయబూనుట ప్రాణాపాయము. కోలారు గనుల వద్ద రాతి నుండి బంగారము తీయగా మిగిలిన సయనైడు దిబ్బల ధూళి, గనులు మూతపడిన తరువాతను ప్రజలను విడువలేదు. సర్క్యూటు పలకలను కాల్చినచో సీసము, విషధూమములు వెలువడి కాల్చినవాని ఊపిరిని, ఊరి బావిని చెరచును. వ్యర్థ యంత్రముల విషయమై కేంద్ర ప్రభుత్వము చేసిన 2022 నాటి నియమములు 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన వారికే ఇట్టి వస్తువుల నప్పగింపవలెనని వాని తాత్పర్యము. హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సి-మెట్ సర్క్యూటు పలకల నుండి లోహములను క్షేమముగా రాబట్టు పద్ధతులను రూపొందించినది. 2022లో ప్రపంచమంతట పోగుపడిన ఇట్టి వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులు; అందులో క్రమ పద్ధతిలో శుద్ధికి చేరినది నూటికి 22 పాళ్ళకు కొద్దిగా మించినంత మాత్రమే. ఇక వ్యక్తుల సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో శాసనము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. సమాచారమును తగిన జాగ్రత్తతో కాపాడని సంస్థలపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించుటకు అందు వీలు గలదు.

ఇంత విని, ‘ఇది పట్టణముల మాట, పల్లె గ్రంథాలయమునకు సాధ్యమా?’ అని నిరుత్సాహపడ నక్కరలేదు. గ్రంథాలయమునకు రాని విద్య కాదిది. పుస్తకము వచ్చినప్పుడు సంఖ్య వేసి చిట్టాలో ఎక్కించుట, చెడినప్పుడు కార్యవర్గము తీర్మానించి కొట్టివేయుట గ్రంథపాలకునకు వెన్నతో పెట్టిన విద్య. అదే చిట్టాలో యంత్రములకు నాలుగు పుట లుంచిన చాలును. ఏ యంత్రము, దాని డిస్కుపై గల సంఖ్య ఏది, అందేమున్నది, ఏ ప్రతి ఎచ్చట దాచితిమి, ఎవరు ఏ తేదిన ఏ విధముగా తుడిచిరి, తుడిచిన తరువాత మరియొకరు తెరచి చూచిరా, ఎవరి కప్పగించిరి, రసీదు సంఖ్య ఏది. ఇద్దరి సంతకములు. ఇంతే. మోర్గన్ స్టాన్లీ వంటి ధనిక సంస్థకు కరవైనది ధనము కాదు, యంత్రము కాదు. ఇట్టి నాలుగు పుటల చిట్టాను వదలక వ్రాయు శ్రద్ధ.

రజతోత్సవ సంవత్సరమున ఒక పని సులభముగా చేయవచ్చును. గ్రంథాలయమున ఒక దినము నిర్ణయించి, ఊరివారు తమ యిండ్లలోని పాత ఫోనులు, పెన్ డ్రైవులు, డిస్కులు తెచ్చునట్లు చాటింపవచ్చును. చదువుకొన్న యువకులు వారి ఎదుటనే ముందు పెండ్లి ఫొటోలు, పొలము పత్రములు క్రొత్త చోటికి ఎక్కించి, వారు చూచి సరియన్న పిమ్మట పాతదానిని తుడిచి చూపవలెను. పనికివచ్చు వానిని విద్యార్థులకును, రాని వానిని మూటగట్టి నమోదైన సంస్థకును అప్పగింపవచ్చును. ఒక ఇంటి పాత ఫోనును కొనుటకు ఏ కర్మాగారమును పల్లెకు రాదు. నూరిండ్లవి ఒకచోట చేరిన వచ్చును. వచ్చిన సొమ్ముతో గ్రంథాలయమునకు పుస్తకములు కొనవచ్చును. పాత పెట్టె క్రొత్త పుస్తకముగా మారును.

ఒక్క మాటతో ఈ ప్రసంగము ముగియును. పల్లెలో అప్పుపత్రము తీరినప్పుడు దానిని చించి ఋణము తీర్చినవాని చేతిలో పెట్టుట పెద్దల ఆచారము. చించుటకు ముందు బాకీ పూర్తిగా ముట్టినదా యని చూచుకొనుట రెండవ ఆచారము. చించకుండ పెట్టెలో దాచుకొనిన వానిని ఊరు నమ్మదు; చూడక చించినవానిని ఇల్లు క్షమింపదు. పాత కంప్యూటరు విషయములోను ధర్మమదియే. ఉంచవలసినది ఉన్నదని చూచుకొని, తుడువవలసినది తుడిచి, వస్తువును మాత్రము లోకమునకు తిరిగి యిచ్చినచో, సొమ్ము వచ్చును, మర్యాద నిలుచును. గ్రంథాలయమును నమ్మి తన పేరు వ్రాయించుకొనిన చిట్టచివరి పాఠకునికిని ద్రోహము జరుగదు.